తెర మీది పేరు ఒడియా నోట పడితే

ఒడిశా ముఖ్యమంత్రిగా పనిచేసిన బిజు పట్నాయక్ పూర్తి పేరు బిజయానంద పట్నాయక్. సంస్కృతంలోని విజయానంద ఒడియా నోట బిజయానంద అయింది, ముద్దుగా బిజు అయింది. చివరికి రాష్ట్రమంతా ఆ ముద్దుపేరుతోనే ఆయన్ను తలుచుకుంటోంది. ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపున్న తెలుగు కుటుంబాలు పిల్లలకు పేరు పెట్టేటప్పుడు ఈ ‘వ’ ఎలా ‘బ’ అయిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. విజయ్ దేవరకొండ మీద అభిమానంతో కొడుక్కి విజయ్ అని పెట్టుకుంటే, ఒడియా బడి హాజరు పట్టీలో ఆ పిల్లాడు బిజయ్ కావడానికి ఎక్కువ సేపు పట్టదు.

సినిమా ఆడితే హీరో పేరు ఊరంతా పాకుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తార చేసే పని ఒక్కటే, ఆ పేరును చెవులకు అలవాటు చేయడం. అక్కడి నుంచి ఆ పేరు నక్షత్రాన్ని, తాతల పేర్లను, పొరుగు భాషను, ఫారం నింపే గుమస్తా కలాన్ని దాటుకుంటూ రావాలి. ఆంధ్ర లోపలి జిల్లాల్లో మొదటి రెండే పెద్ద అడ్డంకులు. ఒడిశా సరిహద్దులో మాత్రం పేర్లను మార్చేసేవి ఎక్కువగా చివరి రెండూ.

ముందు ఆ తార పేరే ఎక్కడిదో చూడాలి. చిరంజీవి అసలు పేరు కొణిదెల శివశంకర వరప్రసాద్. జయప్రద పుట్టినప్పటి పేరు లలితారాణి. పవన్ కల్యాణ్‌కు ఇంట్లో పెట్టిన పేరు కల్యాణ్ బాబు. అభిమానులు పిల్లలకు పెట్టుకునేది తెర పేరునే. తెర పేరు పుట్టేదే పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో పట్టేలా, హాల్లో కేక వేయడానికి వీలుగా. చాలావరకు కొద్ది అక్షరాల్లో తేలిపోతుంది, తరచు గట్టి హల్లు మీద ఆగుతుంది, అర్థం వెతుక్కోనక్కర్లేదు. అందుకే తార మీద ప్రత్యేకంగా అభిమానం లేని ఇళ్లలోకి కూడా ఆ పేరు సులువుగా వచ్చేస్తుంది. శివశంకర వరప్రసాద్ లాంటి పొడవైన పేర్లకు ఆ తరంలో కొరత లేదు. తర్వాతి తరం దాన్ని వదిలి చిన్న పేర్ల వైపు వెళ్లింది. ఆ మార్పుకు తెర తోడు నిలిచింది, అంతేగాని తెర ఒక్కటే కారణం కాదు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. ఒక పేరు తార వల్ల పెరిగిందా, లేక అప్పటికే పెరుగుతున్న పేరును తార కూడా ఎంచుకుందా? మన దేశంలో ఏటా ఏ పేరు ఎంతమందికి పెట్టారో చెప్పే జాబితా ఏదీ జనం ముందుకు రాదు. అమెరికాలో సామాజిక భద్రత శాఖ 1880 నుంచి పుట్టినవారి పేర్ల లెక్క ప్రకటిస్తోంది, కనీసం ఐదుగురికి పెట్టిన ప్రతి పేరూ అందులో ఉంటుంది. బాలనటి షిర్లీ టెంపుల్ వెలిగిన 1935లో షిర్లీ అక్కడ ఆడపిల్లల పేర్లలో రెండో స్థానానికి చేరింది. కానీ ఆమె తెర మీదికి రాకముందే ఆ పేరు పైకి పోతూ ఉంది. తార దాన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. అదే లెక్కలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. అలెక్సా అనే మాట ఇంట్లో మాట్లాడే యంత్రానికి పిలుపు అయ్యాక, 2015 తర్వాత ఆ పేరు పెట్టుకునేవారు బాగా తగ్గిపోయారు. ప్రసిద్ధి పేరును పెంచగలదు. ఆ పేరు పిలిస్తే వేరే ఎవరో పలుకుతారనిపించిన రోజున అదే ప్రసిద్ధి చంపగలదు కూడా.

ఇది ఊరి స్థాయిలో తేల్చుకోవాలంటే బడి ప్రవేశ రిజిస్టరు చాలు. ఒకే బడిలో వరుసగా పది పదిహేనేళ్ల ఒకటో తరగతి పేర్లు తీసుకోవాలి. ఒకే పేరుకున్న వేర్వేరు స్పెల్లింగులను ఒక గుంపుగా చేర్చాలి. ఏ ఏడాదిలోనైనా ఎందరు అన్నది కాకుండా నూటికి ఎందరు అన్నది చూడాలి, ఎందుకంటే బడిలో చేరే పిల్లల సంఖ్యే ఏటా మారుతుంది. పుట్టిన సంవత్సరానికి ఐదారేళ్లు వెనక్కి లెక్క వేసుకోవాలి. ఇలా చేసేవారు సాధారణంగా రెండుచోట్ల పొరపడతారు. హిట్టు వచ్చిన ఏడాదే పేరు పెరగాలని చూస్తారు, కానీ పదిహేనేళ్ల వయసులో హాల్లో కాగితాలు చల్లిన కుర్రాడు తండ్రి అయ్యేది పాతికేళ్లు వచ్చాకే, కాబట్టి పదేళ్ల ఆలస్యం మామూలే. రెండో పొరపాటు, రిజిస్టరులో ఉన్నదే ఇంట్లో పిలిచే పేరు అనుకోవడం. ఈ రెండో పొరపాటు సరిహద్దు ఇళ్లలో మరీ పెద్దది.

ఉత్తరాంధ్ర నుంచి పర్లాకిమిడి, గుణుపురం దాకా పాత పేర్లన్నీ దేవుళ్లవే: అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం, నూకరాజు, పైడితల్లి. మనవడికి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. కానీ కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు, పిల్లాణ్ణి తిట్టాల్సి వచ్చినప్పుడు అసలే అనకూడదు. అందుకని తాత పేరు పుస్తకాల్లో ఉండగా, ఇంట్లో పిలవడానికి ఇంకో పేరు వెతుకుతారు. తార పేరు ఇంట్లోకి అడుగుపెట్టేది ఈ గుమ్మం గుండానే. రికార్డులో అప్పలనాయుడు, వీధిలో మహేష్. ఒడియా ఇళ్లలోనూ ఇదే పద్ధతి ఉంది, పిలిచే పేరును డాకనామ్ అంటారు. రెండు భాషల వారికీ ఈ అలవాటు ఒకటే కావడంతో, సరిహద్దు బడుల్లో ఒక్కో పిల్లాడికి రెండు పేర్లుండటం ఎవరికీ వింతగా తోచదు. ఒక తరం గడిచాక పిలుపు పేరే అసలు పేరవుతుంది. ఆ మహేష్ తన కొడుకును బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర అలవాటు కొద్దీ మహేష్ అని రాయిస్తాడు, ఆధార్‌లో అప్పలనాయుడు ఉంటుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది.

నక్షత్రం సంగతి కొంచెం తేలిక. ఇరవై ఏడు నక్షత్రాలకు నాలుగేసి పాదాల చొప్పున నూట ఎనిమిది అక్షరాలున్నాయి. మఖకు మా మీ మూ మే, రోహిణికి ఓ వా వీ వూ, స్వాతికి రూ రే రో తా. మఖ మొదటి పాదంలో పుట్టినవాడికి మహేష్ సరిపోతుంది, స్వాతిలో పుట్టినవాడికి కుదరదు. అలాంటప్పుడు కొందరు జన్మనామం వేరుగా ఉంచి వ్యవహారానికి తార పేరు పెట్టేస్తారు. ఇంకొందరు తార పేరు జోలికి పోకుండా, దాని మోతను మాత్రం తీసుకుంటారు. అదే ముగింపు, అదే పొడవు, మొదటి అక్షరం మాత్రం నక్షత్రానిది. ఒక తరగతిలో సగం మంది పేర్లు ఒకే ప్రాసలో వినిపించడానికి కారణం ఇదే. ముందు దేవుణ్ణి, వెనక తారను పెట్టి సాయి పవన్, వెంకట మహేష్ అని కలిపేయడం తెలుగువారి రాజీమార్గం. అది వినడానికి బాగుంటుంది గానీ, రెండు ముక్కల పేరు ముందు ఇంటిపేరు కూడా చేరితే ఫారాల్లోని గడులు చాలవు.

క్రికెట్‌దీ ఇదే దారి. సచిన్ టెండూల్కర్‌కు ఆ పేరు సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ మీద తండ్రికున్న ఇష్టంతో వచ్చింది. సునీల్ గవాస్కర్ కొడుకు పూర్తి పేరు రోహన్ జైవిశ్వ గవాస్కర్. అందులో వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, మన హైదరాబాదు జయసింహ, గుండప్ప విశ్వనాథ్, ముగ్గురూ ఉన్నారు. ప్రసిద్ధులు కూడా ప్రసిద్ధుల పేర్లే పెట్టుకుంటారన్నమాట. ఈ మధ్య తార పేరు కంటే తార పిల్లల పేరు ఎక్కువ చర్చకు వస్తోంది. 2021లో విరాట్ కోహ్లి దంపతులు కూతురికి వామిక అని, 2024లో కొడుక్కి అకాయ్ అని పెట్టినట్టు ప్రకటించారు. 2023లో రామ్‌చరణ్ దంపతుల కూతురు క్లీంకార అయింది, లలితా సహస్రనామాల్లోని ‘క్లీంకారీ’ దానికి ఆధారం. తార పేరు అప్పటికే లక్షల నోళ్లలో నలిగి ఉంటుంది, తార బిడ్డ పేరు ఒక్క రోజులో ఫోనుల్లోకి వచ్చి పడుతుంది. మొదటిది పదేళ్లు పట్టి మెల్లగా వ్యాపిస్తే, రెండోది ఆ ఏడాదే కొన్ని ఇళ్లలో కనిపించి ఆగిపోవచ్చు. ‘క్లీం’ లాంటి మంత్ర బీజాక్షరంతో మొదలయ్యే పేరునైతే పక్కింటివారు మెచ్చుకుంటారు, తమ బిడ్డకు పెట్టడానికి జంకుతారు.

ఒడియా గుండా వెళ్లేటప్పుడు

అసలు విషయం ఇక్కడుంది. ఒడియాలో మన ‘వ’ లాంటి ధ్వనికి స్థిరమైన చోటు లేదు. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో అది ‘బ’ అవుతుంది: విక్రమ్ బిక్రమ్, వరుణ్ బరుణ్, వాణి బాణి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో ‘భ’ అవుతుంది, అక్కడ ఓటును భోట్ అనే రాస్తారు. కాబట్టి వెంకటేష్ లాంటి తెలుగు పేరు వచ్చినప్పుడు రాసేవారు దాన్ని తమ మాటగా అనుకుంటే బ, బయటి మాటగా అనుకుంటే భ వేస్తారు. ఇవి రెండూ కాకుండా ‘వ’ కోసం ప్రత్యేకంగా ఉన్న ఇంకో అక్షరం కూడా ఉంది, అది వాడేవారు తక్కువ. ఒకే పిల్లాడి పేరు అంగన్‌వాడీలో ఒకలా, బడిలో ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా పడటానికి మూలం ఈ మూడు దారులే. ఇందులో గుమస్తా తప్పేమీ లేదు, ఆయన తన భాష పద్ధతి ప్రకారం సరిగ్గానే రాస్తున్నాడు.

‘య’ కూడా అంతే. సంస్కృత పదం మొదట్లో వచ్చే యకారాన్ని ఒడియాలో ‘జ’గా పలుకుతారు. యశోద జశోద, యామిని జామిని. కన్నడ నటుడి పేరుగా దేశమంతా తెలిసిన యశ్‌ను ఒడియాలో సంస్కృతం పద్ధతిలో రాస్తే జశ్ అని చదువుతారు. ఆర్య అని పెడితే అక్కడి నోట ఆర్జ్య అవుతుంది. క్ష వస్తే ‘ఖ్య’లా వినిపిస్తుంది, అక్షయ్ అఖ్యయ్ అవుతాడు. శ, ష, స మూడూ ఒకే సకారంలా పలుకుతారు గనుక శశాంక్, సశాంక్ అన్న తేడా చెవికి తెలియదు. మనకున్న ఎ, ఏ తేడాకూ ఒ, ఓ తేడాకూ ఒడియా లిపిలో వేరు గుర్తులు లేవు. అకారం కూడా కొంచెం పెదవులు గుండ్రంగా చేసి పలుకుతారు, అందుకే అనన్య అంటే తెలుగు చెవికి ఒనొన్య అన్నట్టు వినిపిస్తుంది. సినిమా పేర్లకు ప్రాణమైన చివరి పొల్లు ఇంకో సంగతి. మహేష్, ప్రభాస్ అని మనం హల్లు మీద ఆపేస్తే, పొల్లు గుర్తు వేయకుండా రాసిన పేరును ఒడియా చదువరి చివర అచ్చు చేర్చి చదువుతాడు.

ఆడ, మగ తేడా దగ్గర ఇంకో తికమక వస్తుంది. తెలుగు టీవీ చూసేవారికి రశ్మి అంటే ఆడపిల్ల. ఒడిశాలో రశ్మి రంజన్, జ్యోతి రంజన్, స్మృతి రంజన్ మగవారి పేర్లు. కూతురికి రశ్మి అని మాత్రమే పెడితే, ముఖం చూడకుండా ఫారం నింపేవారు మగ అని గుర్తు పెట్టే అవకాశముంది. చివర కుమారి అనో, మరో మాటో చేరిస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది.

వీటన్నిటినీ దాటి రెండు భాషల్లోనూ పెద్దగా మారని పేర్లూ ఉన్నాయి. అర్జున్ చూడండి. అల్లు అర్జున్ సినిమాలు హిందీ డబ్బింగులో టీవీ ద్వారా ఒడియా ఇళ్లకూ చేరాయి. ఆ పేరులో వ లేదు, య లేదు, క్ష లేదు, మహాభారతం వల్ల ఎవరికీ కొత్త కాదు. తెలుగువారు తెర చూసి పెట్టారనుకుంటారు, ఒడియావారు భారతం చూసి పెట్టారనుకుంటారు. రామ్, కార్తీక్, గౌతమ్, సీత, మీనాక్షి కాకపోయినా మీనా ఇలాంటివే. సరిహద్దులో ఒక తార పేరు నిలుస్తుందా లేదా చెప్పడానికి ఆ తారకు ఎన్ని హిట్లున్నాయో లెక్కించడం కంటే, ఆ పేరులో ఈ అక్షరాలున్నాయో లేదో చూడటం మేలైన కొలమానం. గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. నోట పలికేదానికి రాతలో విలువ ఉండాలని ఆయన పోరాడిన ఊళ్లో, పిల్లల పేర్లను కాగితం మీద పెట్టేముందు నోట పలికించి చూడాలనడం సబబే.

దానికి అయ్యే ఖర్చేమీ లేదు. అనుకున్న పేరును ఒడియా లిపిలో రాయించి, ఆ పేరు ముందు చెప్పకుండా ఒడియా మాట్లాడే ఇద్దరి చేత చదివించాలి. ఇద్దరూ ఒకేలా, మనం అనుకున్నట్టే చదివితే సరే. లేకపోతే రెండే దారులు: అక్షరం మార్చడం, లేదా ఆ ఉచ్చారణను ఒప్పుకోవడం. తర్వాత ఇంగ్లీషు స్పెల్లింగు తేల్చుకుని కాగితం మీద రాసుకోవాలి. సంఖ్యాశాస్త్రం పేరుతో ఒక ‘ఎ’నో ‘హెచ్’నో అదనంగా చేర్చేవారు, ప్రతి ఫారంలోనూ దాన్ని గుర్తు పెట్టుకుని రాయించగలమా అని ఆలోచించాలి. చాలా తప్పులు ఆ అదనపు అక్షరం దగ్గరే పడతాయి.

ఇరవై ఒకటో రోజు

మన బారసాల, ఒడియావారి ఏకోయిశియా రెండూ సాధారణంగా ఇరవై ఒకటో రోజువే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను తెలియజేయాల్సిన గడువు కూడా ఇరవై ఒక్క రోజులే. ఈ పోలిక వల్ల చాలామంది పేరు కూడా అప్పటికే రాయించేయాలని తొందరపడతారు. చట్టం అలా అనదు. పేరు లేకుండానే పుట్టుకను నమోదు చేయించవచ్చు. పన్నెండు నెలల లోపు పేరు చేర్పిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు. పేరు మీద ఇంట్లో వాదన తెగకపోతే, ఆసుపత్రి ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేయడమే మంచిది. తొందరలో తార పేరు రాయించేసి, తర్వాత తాత పేరు కావాలనుకుంటే అది దిద్దుబాటు కిందికి రాదు. రిజిస్ట్రారు దిద్దగలిగేది రాతలో దొర్లిన తప్పునే. ఒక పేరు తీసేసి వేరే పేరు పెట్టమంటే అది పేరు మార్పు, దాని తతంగం వేరే.

పుట్టుక నమోదయ్యేది పుట్టిన చోట, ఉండే చోట కాదు. సరిహద్దులో ఇది ముఖ్యం. రాయగడ కోడలు పురిటికి పార్వతీపురం వైపు కన్నవారింటికి వెళ్తే బిడ్డ సర్టిఫికెట్ ఆంధ్రలో వస్తుంది, బడి ఒడిశాలో. ఇచ్ఛాపురం నుంచి కాన్పుకు బరంపురం వెళ్లినవారికి ఇది తిరగబడుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి సవరించిన చట్టం ప్రకారం బడిలో చేరడం నుంచి ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్సు దాకా పుట్టిన తేదీకీ చోటుకీ జనన ధ్రువపత్రమే ఆధారం. ఇంతకుముందు బడిలో సర్దుకుపోయిన అక్షర దోషం ఇక పిల్లాడి వెంటే నడుస్తుంది. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. ఆ రెండూ ఐదేళ్ల లోపే ‘బ’ను ‘వ’ చేయడానికి ఖర్చయిపోతే, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకునే ఆడపిల్లకు మామూలు దారి మిగలదు.

ఇంటిపేరు కథ ఇంకో రకం. మనకు ముందు వస్తుంది, ఒడిశాలో చివర వస్తుంది. బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఇంటిపేరు వరాహగిరి, పూర్తి పేరు వరాహగిరి వెంకట గిరి. ఇవాళ్టి ఫారంలో చివరి మాటే ఇంటిపేరనుకునే గుమస్తా చేతిలో పడితే ‘గిరి’ ఇంటిపేరవుతుంది, వరాహగిరి సొంత పేరవుతుంది. ఈ వైపు తెలుగువారిలో రావు, రెడ్డి, దొర లాంటి చివరి మాటలు ఇంటిపేర్ల స్థానంలో కూర్చోవడానికి ఇదే కారణం. తార పేరు ఒంటరిగా పెట్టినప్పుడు ఇది మరీ ఇరకాటం. ప్రభాస్ అని ఒక్క మాటే రాయిస్తే చివరి గడి ఖాళీ ఉంటుంది, ఎవరో ఒకరు తండ్రి పేరులోంచి ఒక ముక్క తెచ్చి అక్కడ వేస్తారు. ఇంటిపేరును పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా, తల్లిదండ్రుల ఆధార్‌లో ఉన్నట్టే రాయించడం ఒక్కటే దీనికి మందు.

బరంపురంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు మీద ఉంది. ఆ బోర్డు మీద ఇంగ్లీషులో కృష్ణ అన్న మాటకు ‘ఆర్’ తర్వాత ‘యు’ ఉంటుంది, ఎందుకంటే ఒడియా నోట అది క్రుష్ణ. తెలుగు బడుల్లో అదే పేరుకు ‘ఐ’ రాస్తారు. నటుడు కృష్ణ మీద అభిమానంతోనో, ఇంటి దేవుడి మీద భక్తితోనో ఆ పేరు ఎంచుకున్న ఇచ్ఛాపురం దంపతులు ఆ ఆసుపత్రి నుంచి బిడ్డతో బయటికి వచ్చేముందు, జనన నివేదికలో ఏ అక్షరం పడిందో చూసుకోవాలి. ‘యు’ పడి ఉంటే అక్కడికక్కడే ‘ఐ’ వేయించాలి. లేదంటే బడిలో, ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘యు’నే వాడతామని ఆ రోజే తేల్చుకోవాలి.